పిన్నమ్మ మురుకుల మీద పుకారు: నోరు విప్పాలా, ఊరుకోవాలా?

కొర్లగుంట కుర్రోడు: మా పిన్నమ్మ తిరుపతి కొర్లగుంటలో ఇంట్లోనే మురుకులు, నిప్పట్లు కాల్చి అమ్ముతాది. పదకొండేళ్ళుగా అదే బతుకుదెరువు. నెల కిందట వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టినారు: "హోటళ్ళలో కాగి నల్లబడిన నూనె డబ్బాల్లో తెప్పించుకుంటాది, కళ్ళారా చూసినాం" అని. పేరు రాయలేదు గానీ, "నీళ్ళ ట్యాంకు పక్కింటామె" అంటే ఎవరికి తెలీదు? శ్రీమంతం ఆర్డర్లు రెండు వెనక్కి పోయినాయి. ఈమేమో "చేయని తప్పుకు సంజాయిషీ ఏంది" అని కూర్చోనుంది. నాకైతే అదే గ్రూపులో గట్టిగా రాయాలనుంది. మీరేమంటారు?

చిత్తూరు బేకరీ అన్న: రాయొద్దు తమ్ముడూ. మా కేకుల్లో మురిగిన గుడ్లు వేస్తామని ఎవరో పుట్టించినప్పుడు నేను ఆవేశంగా "మురిగిన గుడ్లు వాడము" అని ఫ్లెక్సీ కట్టించినా. అంతవరకూ విననోళ్ళు గూడా ఆగి చదివి, "ఏమబ్బా, గుడ్ల సంగతేంది?" అనేది మొదలుపెట్టినారు. నాలుగో రోజు నేనే పీకేసినా.

నల్లకోటు: ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ళ దాకా జైలు, జరిమానా, సమాజ సేవ, ఏదైనా పడొచ్చు. పేరు రాయకపోయినా మనిషిని గుర్తుపట్టేట్టుంటే చాలు. అయితే స్టేషన్‌కు పోతే ఎఫ్ఐఆర్ కట్టరు, మెజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాల. నష్టపరిహారం దావా అయితే ఏడాదిలోపల. ముందు ఆ మెసేజ్ చెరిగిపోకుండా చూసుకోండి.

అలిపిరి అక్క: లాయరు సారూ, రాసినోళ్ళదీ అదే వీధి, కొనేటోళ్ళదీ అదే వీధి. కేసేసి, సాయంత్రం వాళ్ళ గుమ్మం ముందర నుంచే మురుకుల సంచి పట్టుకొని పోవాల గదా ఆమె?

నల్లకోటు: చాలాసార్లు ఒక్క నోటీసుకే నోళ్ళు మూతపడతాయి అక్కా.

అలిపిరి అక్క: నోళ్ళతో పాటు వ్యాపారమూ మూతపడతాది.

రేణిగుంట ప్యాసింజర్: అందరూ ఇది పుకారేనని ఖాయం చేసుకున్నారే! డబ్బాలు చూసినామన్నోళ్ళు ఏం చూసినారో ఒక్కరన్నా అడిగినారా? తినేవాడికి అడిగే హక్కుంది. 2024 సెప్టెంబరులో లడ్డూ నెయ్యి గొడవ లేచినప్పటి నుంచి ఈ ఊళ్ళో నూనె, నెయ్యి అంటే ఉలిక్కిపడతాండారు, తప్పేముంది? కాగిన నూనెలో పోలార్ పదార్థాలు, అంటే నూనె మళ్ళీ మళ్ళీ కాగితే పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి నియమముంది. అనుమానముంటే కొన్నవాడే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు, చట్టమే ఒప్పుకుంటాది. ఇంతకీ డబ్బాలు వస్తాండాయా, లేదా?

కొర్లగుంట కుర్రోడు: వస్తాండాయి అన్నా. ఖాళీవి! కాల్చగా మిగిలిన నూనె పిన్నమ్మ మళ్ళీ వాడదు, డబ్బాల్లో పోసి పెడతాది. పదైదు రోజులకోసారి తెల్లారుజామున టీవీఎస్ మీద ఒకాయన వచ్చి ఖాళీవి దింపి, నిండినవి ఎత్తుకొని పోతాడు. చూసినోళ్ళకు దింపేదొక్కటే కనబడింటాది. తను కాల్చేది గానుగ చెనిక్కాయ నూనె, బిల్లులున్నాయి.

రేణిగుంట ప్యాసింజర్: సరే, ఆయన ఆ నూనె ఎవరికి అమ్ముతాడు? బయోడీజిల్ చేసేటోళ్ళకా, రోడ్డు పక్క బజ్జీల బండికా?

కొర్లగుంట కుర్రోడు: అది ఎప్పుడూ అడగలేదు.

చిత్తూరు బేకరీ అన్న: అడుగు మరి. రెండోదయితే పుకారు సగం నిజమైపోతాది, వేరే అంగడి పేరుతో. గ్రూపులో మాత్రం రాయొద్దు, చూసినోళ్ళ ఇంటికే పోయి చెప్పండి.

కొర్లగుంట కుర్రోడు: పిన్నమ్మకు ఇదంతా చదివి వినిపించినా. ఎవరింటికీ పోదంట. టీవీఎస్ ఆయన్నే ఇకమీదట పొద్దున పదింటికి, కొళాయి కాడ ఆడోళ్ళంతా ఉన్నప్పుడు రమ్మంటాదంట. నూనె యాడికి పోతాదో గూడా అందరి ముందరే అడుగుతాదంట. లాయరు సార్, స్క్రీన్‌షాట్ తీసిపెట్టినా, ఆమెకు చెప్పలేదు.