సిర గుర్తు కనబడితే ఎంఎస్ అని తేల్చేయవచ్చా?

అనంతపురం నుంచి:
మా వదినకు ఏళ్ల తరబడి మైగ్రేన్ ఉంది. తలనొప్పికని తీయించిన ఎంఆర్ఐలో తెల్ల మచ్చలు కనబడగా, రిపోర్టులో ‘డీమైలినేషన్ కావచ్చు’ అని, అంటే నరాల పైపొర దెబ్బతిని ఉండవచ్చని రాశారు. రోగనిరోధక వ్యవస్థే ఆ పొరను దెబ్బతీసే జబ్బు ఎంఎస్ (మల్టిపుల్ స్క్లిరోసిస్) అట. దాన్ని నిర్ధారించే మెక్‌డొనాల్డ్ ప్రమాణాల 2024 సవరణలో మచ్చ మధ్యలోని సిరకూ, అంచున ఉండే ఇనుప వలయానికీ స్థానం దక్కింది కదా, ఇక వెన్నులో నీరు తీయించడం దేనికి? మరింత మంచి స్కాను ఒక్కటి చాలదా?

కర్నూలు నుంచి:
రోజూ ఈ చిత్రాలు చదివేవాడిగా చెబుతున్నాను, అది చాలదు. అయితే ఆ స్కాను మీ వదినగారికి నిజంగానే మేలు చేయవచ్చు. ఎంఎస్‌లో వాపు చిన్న సిరల చుట్టూ మొదలవుతుంది కనుక, సిరలను చూపే సీక్వెన్సులో తెల్ల మచ్చ నడుమ వెంట్రుకంత నల్లని గీత కనబడుతుంది. మైగ్రేన్, బీపీ వల్ల వచ్చే మచ్చల్లో ఆ గీత ఉన్నవి చాలా తక్కువ. ఈ గుర్తు ఉన్నట్టు లెక్కించాలంటే అలాంటి మచ్చలు కనీసం ఆరు ఉండాలి, లేదా మొత్తం మచ్చలు పదికి లోపే ఉంటే అందులో గీత ఉన్నవే ఎక్కువగా ఉండాలి. కాబట్టి లేని జబ్బును అంటగట్టకుండా ఆపడంలోనే ఈ గుర్తుకు ఎక్కువ విలువ ఉందని నా నమ్మకం.

కడప నుంచి:
మీ మాట సబబే, కానీ ఆ గీత స్పష్టంగా కనబడాలంటే అయస్కాంత శక్తి ఎక్కువగా ఉండే 3 టెస్లా ఎంఆర్ఐ యంత్రం ఉంటే మేలు. ప్రతి రోగినీ హైదరాబాదుకో బెంగళూరుకో పంపగలమా? ఆ ఖర్చు పెట్టుకోలేనివారి రోగనిర్ధారణ అక్కడే ఆగిపోకూడదు.

కర్నూలు నుంచి:
ఆగనక్కరలేదు. ఈ గుర్తులు ఉండి తీరాలని 2024 సవరణ కూడా అనలేదు. వెన్ను నీటిలో ఆలిగోక్లోనల్ బ్యాండ్లు (యాంటీబాడీల జాడలు) చూసే పాత పరీక్ష నేటికీ చెల్లుతుంది, దానికి పెద్ద యంత్రం అవసరం లేదు. నన్ను భయపెట్టేది తొందరపాటు. కంటి నరాన్నీ వెన్నుపామునూ దెబ్బతీసే ఎన్‌ఎంఓ (న్యూరోమైలైటిస్ ఆప్టికా) అనే జబ్బును ఎంఎస్‌గా పొరబడి, ఎంఎస్‌కు ఇచ్చే ఇంటర్ఫెరాన్ బీటా మందు మొదలుపెడితే రోగి పరిస్థితి మరింత దిగజారవచ్చు. ఎన్‌ఎంఓను పట్టించేది ఆక్వాపోరిన్-4 అనే ప్రొటీన్‌పై యాంటీబాడీలున్నాయా అని చూసే రక్తపరీక్ష. బి12 లోపం, క్షయ కూడా మన రోగుల్లో మరచిపోకూడనివే. అనంతపురం మిత్రమా, రిపోర్టు కాగితంతో పాటు స్కాను సీడీనీ న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఎప్పుడైనా ఒక కన్ను నొప్పితో కొన్నాళ్లు మసకబారిందా, ఒక కాలు రోజుల తరబడి మొద్దుబారిందా అని మీ వదినగారినే అడిగి, ఆమె చెప్పింది తేదీలతో సహా రాసి పట్టుకెళ్లండి.