యూజ్ కేస్ బొమ్మ గీస్తే యార్డులో జరిగేది తెలుస్తుందా?

మడికొండ కోడర్: మా చిన్న కంపెనీ కిందటి పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డులో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణానికి లెక్కల సాఫ్ట్‌వేర్ చేసింది. ముందుగా అవసరాలు తెలుసుకోవడానికి యూజ్ కేస్ డయాగ్రామ్ గీశాం, అంటే సాఫ్ట్‌వేర్‌తో ఎవరు ఏ పని చేసుకుంటారో చూపే బొమ్మ. రైతు, అడ్తిదారు, ఖరీదుదారు, తూకం వేసే దడ్వాయి నలుగురూ గీతల బొమ్మలు. మధ్యలో పెట్టె, అందులో ‘బస్తాల నమోదు’, ‘కాంటా’, ‘తక్‌పట్టీ’ (రైతుకిచ్చే తూకం, ధర చీటీ) అని గుడ్డు ఆకారాలు. అడ్తిదారు చూసి బాగుందని సంతకం పెట్టాడు. మొదటి రోజే పని ఆగింది. పొద్దున వేలం పాటలో పలికిన ధరను కాంటా దగ్గర ఖరీదుదారు తగ్గించాడు, బస్తా విప్పితే లోపల తేమ ఉందని. మా దాంట్లో ఒకసారి ఎక్కించిన ధర మార్చే దారే లేదు. గుమస్తా మళ్లీ కాగితం మీద తక్‌పట్టీలు రాసుకున్నాడు. ఈ బొమ్మలు అవసరాలు రాబట్టవని నాకు గట్టిగా అనిపిస్తోంది. మీరేమంటారు?

పాఠాల సారు: బొమ్మను తప్పు పట్టకండి. ఐవార్ జాకబ్సన్ ఎరిక్సన్‌లో పనిచేసిన అనుభవంతో 1980లలో ఈ పద్ధతి తెచ్చాడు. 1997లో ప్రమాణాల సంస్థ ఓఎంజీ ఆమోదించిన సాఫ్ట్‌వేర్ బొమ్మల భాష యూఎంఎల్‌లో ఈ డయాగ్రామ్ కూడా ఉంది. కానీ యూజ్ కేస్ అంటే ప్రధానంగా రాత. పని మొదలుకావడానికి ఏముండాలి, మామూలుగా ఎలా సాగుతుంది, ఎక్కడెక్కడ దారి మారుతుంది, ఇవన్నీ రాయాలి. బొమ్మ దానికి విషయసూచిక మాత్రమే. మీరు విషయసూచిక చూపించి పుస్తకం చదివించామనుకున్నారు. కనీసం ‘కాంటా’ నుంచి ‘ధర తగ్గింపు’కు ఎక్స్‌టెండ్ బాణం, అంటే ఒక్కోసారి మాత్రమే జరిగే పనిని కలిపే బాణం, గీసినా బయటపడేది.

హన్మకొండ టెస్టర్: సార్, ఎక్స్‌టెండ్ బాణం ‘ధర తగ్గింపు’ నుంచి ‘కాంటా’ వైపు పోవాలి. అసలు పని నుంచి, అందులో తప్పకుండా జరిగే పని వైపు పోయేది ఇంక్లూడ్.

పాఠాల సారు: అవును మేడం, తిరగేసి రాశాను.

మడికొండ కోడర్: చూశారా? ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మీకే బాణం తిరగబడింది. పొద్దంతా బస్తాల మధ్య తిరిగే అడ్తిదారుకు ఆ బాణం ఏం చెబుతుంది?

పాఠాల సారు: బాణం గురించి కాదు నేను చెప్పేది. రాత ఎక్కడుంది మీ దగ్గర? అది చెప్పండి.

కాజీపేట జంక్షన్: ఎక్సెల్ షీట్ చాలు వీటికి.

పరకాల పత్తి: మా నాన్న పత్తి రైతు. మీ బొమ్మలో రైతును ఏ గుడ్డుకు కలిపారు అన్నా? ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కేంద్రంలో తేమకు లెక్కుంది. 8 శాతం దాకా పూర్తి ధర, 12 దాకా కోత, దాటితే కొనరు. మా నాన్న అమ్మేచోట చెయ్యి పెట్టి చూసి చెప్పేదే తేమ. ఎంత తగ్గించారో, ఎందుకు తగ్గించారో తక్‌పట్టీ మీద ఉండదు. ఆ ఒక్క గడి మాకు కావాలి.

పాఠాల సారు: కచ్చితంగా చెప్పాలంటే రైతు ఇక్కడ యాక్టర్ కాడు తమ్ముడూ. సిస్టమ్‌తో నేరుగా పని చేసేవాళ్లే యాక్టర్లు. ఇక్కడ మీట నొక్కేది గుమస్తా.

పరకాల పత్తి: సరుకు మాది, తగ్గేది మా పైసలు. మేం లెక్కలోకి రామా సార్?

పాఠాల సారు: రారని అనలేదు. రైతుకు ఏం కావాలో యూజ్ కేస్ రాతలో ప్రయోజనం ఉన్నవాళ్ల కింద రాసుకోవాలి. బొమ్మలో దానికి చోటు లేదు.

మడికొండ కోడర్: చోటు లేదని మీరే అన్నారు. మా దగ్గర జరిగింది అదే. బొమ్మలో లేనిది ఎవరూ అడగలేదు.

హన్మకొండ టెస్టర్: కోడర్ గారూ, ఒకటి సూటిగా అడుగుతాను. ఆ బొమ్మ గీయకముందు మీలో ఎవరైనా కాంటా దగ్గర నిలబడి చూశారా?

మడికొండ కోడర్: లేదు. ఆఫీసులో కూర్చుని ఓనర్‌ను అడిగి రెండు మధ్యాహ్నాల్లో గీశాం. యార్డుకు పోయి చూస్తానని నేనంటే టైం లేదన్నారు. తీరా సాఫ్ట్‌వేర్ ఆగిపోయాక, ‘మీరు సంతకం పెట్టిన బొమ్మలో ఇది లేదు’ అని మా మేనేజర్ ఆ కాగితమే అడ్తిదారుకు చూపించి మార్పులకు వేరే బిల్లు వేశాడు. అడ్తిదారు నా మొహం చూడటం మానేశాడు. మూడు వారాలు రాత్రుళ్లు కూర్చుని మార్చింది నేను. నా కోపం ఆ సంతకం మీద.

పాఠాల సారు: ఈ మాట మొదటే రాసుంటే నేను బాణాల జోలికి పోయేవాణ్ణే కాదు. మాట్లాడుకోవడానికి గీసిన బొమ్మను ఒప్పంద పత్రం చేయడం అన్యాయం. అయినా రాత ఉండాల్సిందే. ఆ మాట మీద నేను వెనక్కి తగ్గను.

హన్మకొండ టెస్టర్: రాత సరే సార్. దారి మారే సందర్భాలు రాయాలన్నా ముందు అవి కంటపడాలి కదా. దడ్వాయి పక్కన ఒక పూట నిలబడితే నాలుగైనా దొరుకుతాయి.

మడికొండ కోడర్: పరకాల తమ్ముడూ, ఈ సీజన్‌లో మీ నాన్న పత్తి తెచ్చే రోజు నేనూ వస్తాను. అంతలోపు ఒకటి చెప్పు. తగ్గించిన ధరకు ఆయన ఒప్పుకోకపోతే దించిన హమాలీ కూలి ఎవరు కడతారు?

పరకాల పత్తి: కిందటేడు మా నాన్నే కట్టిండు అన్నా. బస్తాలు మళ్లీ బండిలోకి ఎక్కించిన కూలి కూడా.