జీడి రైతుల వాట్సాప్ గ్రూపులో పాత జవాబులు దొరకట్లేదు, ఏటి చెయ్యాలి?

ఉద్దానం_జీడి:
అందరికీ నమస్కారం. వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల జీడి రైతుల వాట్సాప్ గ్రూపు ఒకటుంది, సుమారు 640 మంది. తోట ఇక్కడ, మనిషి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్నవాళ్లు చాలామంది. పూతకి తేయాకు దోమ పట్టినప్పుడు పోయిన ఏడాది వచ్చిన మంచి జవాబు ఇప్పుడు వెతికితే దొరకదు. కొత్తగా చేరినవాళ్లకి పాతవి కనబడవు. ఫోటోలు మసగ్గా వస్తన్నాయి, తెలిసినవాళ్లు కూడా చూసి చెప్పలేకపోతన్నారు. టెలిగ్రామ్‌కి మారిపోవాలా? పెద్దవాళ్లు టైపు చెయ్యలేరు, అదీ దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

టెక్కలి_కుర్రోడు:
మారిపోవద్దండీ, రెండూ ఉంచండి. మాటలన్నీ వాట్సాప్‌లోనే సాగనివ్వండి, పనికొచ్చే జవాబు ఒక్కటీ టెలిగ్రామ్‌లో దాచండి. అందరినీ ఒకేసారి కొత్త యాప్‌లోకి రమ్మంటే పెద్దవాళ్లు మిగిలిపోతారు, అనుభవం ఉన్నది వాళ్లకే.

టెలిగ్రామ్ గ్రూపు ఎడిట్‌లోకి వెళ్లి కొత్త సభ్యులకి చాట్ హిస్టరీ కనబడేలా విజిబుల్ అని పెట్టండి. నిన్న చేరినవాళ్లకీ మొదటి మెసేజీ నుంచి కనిపిస్తుంది. అక్కడే టాపిక్స్ (గ్రూపులో విషయానికొక అర) ఆన్ చేసి నాలుగు పెట్టండి, చాలు: పూత-తేయాకు దోమ, కాండం తొలిచే పురుగు, ధరలు, మిగతావి. పది పెడితే ఏది ఎక్కడ వెయ్యాలో తెలీక అన్నీ "మిగతావి"లోకే పోతాయి. ఇద్దరు ముగ్గురు అడ్మిన్లు వారానికోసారి మంచి జవాబులు ఎత్తి అందులో వేస్తే సరిపోతుంది. వెతుకులాట అక్షరాల మీదే నడుస్తుంది కాబట్టి ఒకరు "టీ దోమ" అని, ఇంకొకరు "తేయాకు దోమ" అని రాస్తే సగం దొరకవు. ఒకే పేరు ఖాయం చేసుకోండి.

ఇంకోటి, చేరేవాళ్లందరి చేతా టెలిగ్రామ్ ప్రైవసీ సెట్టింగుల్లో ఫోన్ నంబరు "నోబడీ" అని పెట్టించండి.

పూత_కాపు:
ఫోటో సంగతి నేను చెప్తాను. వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోని బాగా కుదించేస్తుంది, మసక దానివల్లే. పంపేముందు పైన కనబడే హెచ్‌డీ గుర్తు నొక్కాలి. ఇంకా స్పష్టంగా కావాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. కానీ డాక్యుమెంట్‌గా పంపితే ఫోటో తీసిన చోటు వివరం కూడా దాంతోపాటు పోవచ్చు, కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేసుకోండి.

ఫోటో ఎంత స్పష్టంగా ఉన్నా ఒక్కటే పెడితే లాభం లేదు. మూడు కావాలి: చెట్టు మొత్తం, తెగులున్న కొమ్మ, తెగులుకి బాగా దగ్గరగా ఒకటి. తేయాకు దోమ అనుమానమైతే లేత చిగురు మీద, పూత కాడల మీద నల్లమచ్చలు కనబడేలా తియ్యాలి. కాండం తొలిచే పురుగైతే నేల దగ్గర మొదలు తియ్యాలి, జిగురు, రంపపు పొట్టు కనబడాలి. వీటితో పాటు ఊరు, చెట్టు వయసు, రకం (బీపీపీ-8 లాంటిది), ఆఖరిసారి ఏ మందు ఏ తేదీన కొట్టారు. ఈ తేదీ లేకపోతే ఎవరూ నికరంగా చెప్పలేరు.

టైపు రానివాళ్లు ఇవన్నీ వాయిస్‌లో చెప్పొచ్చు. వాయిస్ మెసేజీ వెతికితే దొరకదు గనక అడ్మిన్ దాని కింద రెండు లైన్లు రాసి పెట్టాలి. జీబోర్డు (గూగుల్ కీబోర్డు) లో తెలుగు కలుపుకుని మైకు నొక్కితే మాట్లాడిందే అక్షరాలైపోతుంది, కుర్రాళ్లు ఇంట్లో పెద్దవాళ్లకి ఒక్కసారి చూపిస్తే చాలు.

ఉద్దానం_జీడి:
చాలా థాంక్స్ అండీ. మందుల మోతాదులు ఎవరికి తోచింది వాళ్లు చెప్పేస్తన్నారు, అది ఎలా ఆపాలి?

పూత_కాపు:
ఆపకండి, రాసే పద్ధతి మార్చండి. "ట్యాంకుకి రెండు మూతలు" అని రాస్తే ట్యాంకు 10 లీటర్లదా, 16 లీటర్లదా, 20 లీటర్లదా ఎవరికి తెలుసు? మూతలూ ఒక్క కొలతలో ఉండవు. లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్లో రాయాలి, డబ్బా లేబుల్ ఫోటో పెట్టాలి. ఆ రెండూ లేని మెసేజీని అడ్మిన్ ఎవరికీ కనబడకుండా తీసెయ్యొచ్చు. అనుమానం ఉంటే ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు.

ధరలకీ ఇదే లెక్క. 80 కిలోల బస్తాకా, కిలోకా, ఏ రోజు, ఏ ఊళ్లో. ఈ మూడూ లేని ధర పాతదైపోయి తిరుగుతా ఉంటుంది, అమ్ముకునేవాడు మోసపోతాడు.

సోంపేట_సేఫ్:
ఒక్కటి ఎవరూ చెప్పలేదు. రైతుల గ్రూపుల్లోకి "పథకం డబ్బులు", "లబ్ధిదారుల జాబితా" అని ఏపీకే ఫైళ్లు (ప్లేస్టోర్‌తో పనిలేకుండా ఫోనులో యాప్ ఎక్కించేవి) వస్తుంటాయి. తెరిచి ఇన్‌స్టాల్ చేస్తే ఫోనుకొచ్చే ఓటీపీలు అవతలివాడికి చేరిపోతాయి. గ్రూపులో తెలిసినవాళ్ల నంబరు నుంచే రావడానికి కారణం, వాళ్ల ఫోను ముందే హ్యాక్ అయి ఉండడం. ఏపీకే కనబడగానే తీసెయ్యండి, పంపినవాళ్లకి ఫోన్ చేసి చెప్పండి. ఎవరైనా ఇన్‌స్టాల్ చేసేసుంటే ముందు నెట్ ఆపాలి, వేరే ఫోను నుంచి బ్యాంకుకి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. ఆలస్యమైనకొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టం.

ముందు జాగ్రత్తగా అడ్మిన్లందరూ వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆరంకెల పిన్ పెట్టుకోండి. అడ్మిన్ నంబరు దొంగల చేతికి పోతే 640 మందికీ ఒకేసారి ఆ ఫైలు వెళ్తుంది.