అప్‌డేట్: చెక్ ఇంజిన్ లైటు ఆరిపోయింది

పోయిన నెల అడిగాను గుర్తుందా? మద్రాసు మాధవరంలో నీళ్ల క్యాన్లు తోలే నా బీఎస్6 (పొగ కాలుష్యానికి కొత్త ప్రమాణం) పికప్‌లో చెక్ ఇంజిన్ లైటు వచ్చిపోతోంది, ఈ ఎలక్ట్రానిక్స్ పదేళ్లు నిలుస్తాయా అని. ఒక షెడ్డులో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టె) మార్చాలన్నారు. రెండు రోజులు నిద్ర లేదు.

చివరికి పెరంబూరులో ఉండే నెల్లూరు ఎలక్ట్రీషియన్ అన్న మల్టీమీటర్ పెట్టి చూసి, బ్యాటరీ మైనస్ వైరు ఛాసిస్‌కి బిగించే బోల్టు విప్పాడు. కింద పచ్చగా చిలుము! మద్రాసు ఉప్పుగాలి మరి. ఎమెరీ పేపర్‌తో రుద్ది బిగించి, పైన గ్రీజు పూశాడు. "ఎర్త్, అంటే ఈ మైనస్ కనెక్షన్, సరిగ్గా లేకపోతే సెన్సర్లు తప్పుడు లెక్కలే చెబుతాయి తమ్ముడూ" అన్నాడు. మూడు వందలతో పోయింది.

పదేళ్ల సంగతంటారా, బీఎస్6 తప్పనిసరి అయిందే 2020 ఏప్రిల్‌లో, కాబట్టి ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. ఇప్పటికైతే టెన్షన్ ఈసీయూ గురించి కాదు, ఎలుకల గురించి. సగం కొరికిన వైరు ఒకటి అక్కడే దొరికింది.