కన్సార్షియం తరఫున ఈ-బుక్ ప్యాకేజీ కొనేటప్పుడు అసలు ఏం చూసి నిర్ణయిస్తారు?

కొత్తగా_కమిటీలో అడిగారు:

నమస్తే అండీ. మా కన్సార్షియంలో పద్దెనిమిది కాలేజీలు, రెండు యూనివర్సిటీలు ఉన్నాయి. ఇన్నాళ్లూ జర్నల్స్ మాత్రమే కలిసి కొనేవాళ్లం. ఈసారి ఈ-బుక్స్ కూడా కొందామని ఒక కమిటీ వేసి, అందులో నన్ను పడేశారు. మొదటి మీటింగ్‌కి వెళ్తే టేబుల్ మీద మూడు కొటేషన్లు ఉన్నాయి. ఒకటి రకరకాల పబ్లిషర్ల పుస్తకాలు వేలల్లో ఉండే సబ్‌స్క్రిప్షన్, దానికి ఏటా కట్టాలి. రెండోది ఒకే పబ్లిషర్ దగ్గర సబ్జెక్టు వారీగా ఆ ఏడాది వచ్చిన పుస్తకాలన్నీ శాశ్వతంగా కొనుక్కోవడం. మూడోది "ముందు వాడుకోండి, ఏడాది చివర ఎంచుకోండి" అనే రకం.

చైర్మన్ గారు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి, ధరని పుస్తకాల సంఖ్యతో భాగించి, "మొదటిదే చవక, ఇంకేం చర్చ" అనేశారు. నాకు ఎక్కడో తేడా కొట్టింది కానీ అదేంటో చెప్పలేక నోరు మూసుకుని కూర్చున్నాను. వచ్చే మీటింగ్‌కి పది రోజులు టైముంది. ఇలాంటి నిర్ణయాలు మీ దగ్గర ఎలా తీసుకుంటారు? ఏం అడగాలి?

పాత_కోఆర్డినేటర్:

మీకు కొట్టిన తేడా నిజమే. ఆ భాగహారం ప్రతి కమిటీలోనూ ఎవరో ఒకరు చేస్తారు, నేనూ చేశాను మొదట్లో. ప్యాకేజీలో ఎవరూ తెరవని పుస్తకాలు ఎన్ని ఎక్కువుంటే ఒక్కో పుస్తకం ధర అంత తక్కువగా కనిపిస్తుంది, అంటే చెత్త పెరిగేకొద్దీ బేరం బాగున్నట్టు అనిపిస్తుందన్నమాట. ఇది ఈ-బుక్స్‌తో వచ్చిన జబ్బేమీ కాదు. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ లైబ్రరీలో 1969లో కొన్న అచ్చు పుస్తకాల మీద ఒక అధ్యయనం చేసి 1979లో ప్రచురించారు. వాటిలో దాదాపు 40 శాతం ఆరేళ్లలో ఒక్కసారి కూడా అరువుకి వెళ్లలేదట. ఒక్కో పుస్తకం చూసి ఎంచుకుని కొన్నవాటి సంగతే అది, ఇక మూకుమ్మడిగా కొన్నవాటి గతి మీరే ఊహించుకోండి.

మీ మూడు కొటేషన్లూ మూడు వేరే వేరే సరుకులు, వాటిని ఒకే తక్కెడలో తూచకూడదు.

సబ్‌స్క్రిప్షన్ అంటే అద్దె. వెడల్పుగా ఉంటుంది, కొత్తగా కోర్సులు పెట్టిన కాలేజీలకి ఒక్కరోజులో షెల్ఫు నిండిపోతుంది, అది నిజమైన లాభమే. కానీ కట్టడం ఆపిన రోజున ఏమీ మిగలదు, కడుతుండగానే పుస్తకాలు మాయమవుతుంటాయి కూడా. 2022 ఆగస్టు చివర్లో, క్లాసులు మొదలయ్యే వేళకి, వైలీ అనే పబ్లిషర్ వాళ్లు ప్రోక్వెస్ట్ కంపెనీ అమ్మే అకడమిక్ కంప్లీట్ అనే సబ్‌స్క్రిప్షన్ ప్యాకేజీ నుంచి 1,300కు పైగా పుస్తకాలు వెనక్కి తీసేసుకున్నారు. వాటిలో చాలావాటిని టీచర్లు అప్పటికే సిలబస్‌లో పెట్టేసుకున్నారు. గొడవ అయ్యాక కొన్నాళ్లకి మళ్లీ ఇచ్చారు, అదీ తాత్కాలికంగానే.

శాశ్వత కొనుగోలు అంటే ఇల్లు కొనుక్కున్నట్టు, కాకపోతే స్థలం వేరేవాళ్లది. వాళ్ల ప్లాట్‌ఫామ్ మీదే ఉంటుంది కాబట్టి హోస్టింగ్ ఫీజు ఉందా అని అడగాలి, ప్లాట్‌ఫామ్ మూతపడితే ఏంటనేదీ అడగాలి (పోర్టికో, క్లాక్స్ అని డిజిటల్ పుస్తకాల్ని దాచిపెట్టే సంస్థలున్నాయి, వాటిలో భద్రపరుస్తున్నారా అని సూటిగా అడగండి, అవునో కాదో చెప్పాలి వాళ్లు). 2025 ఫిబ్రవరిలో ప్రోక్వెస్ట్ యజమానులైన క్లారివేట్ వాళ్లు తమ ప్రోక్వెస్ట్ ద్వారా ఒక్కసారి డబ్బు కట్టి పుస్తకాలు శాశ్వతంగా కొనే పద్ధతినే ఆపేస్తామన్నారు. లైబ్రరీలన్నీ మండిపడ్డాక గడువుని 2026 జూన్ దాకా జరిపారు తప్ప మనసు మార్చుకోలేదు. కాబట్టి "కొంటాం" అనే మాట ఎవరి దగ్గర ఇంకా చెల్లుతుందో కూడా చూసుకోవాలి.

మూడోది ఈబీఏ, అంటే వాడకాన్ని ఆధారంగా చూసి కొనడం. ముందు ఒక మొత్తం కడతారు, ఏడాదంతా పెద్ద జాబితా మొత్తం తెరిచి ఉంచుతారు, చివర్లో వాడకం చూసి ఆ మొత్తానికి సరిపడా పుస్తకాలు శాశ్వతంగా ఉంచుకుంటారు. నాకు వ్యక్తిగతంగా ఇష్టమైన పద్ధతి ఇదే, కానీ కన్సార్షియంలో దీనికో మెలిక ఉంది. చివర్లో ఎంచుకునేది ఎవరు? వాడకం అంకెల్ని బట్టి పోతే రెండు యూనివర్సిటీలే జాబితాని నింపేస్తాయి, పద్దెనిమిది కాలేజీలు డబ్బు మాత్రం కడతాయి. మొత్తంలో కొంత భాగం కేవలం చిన్న కాలేజీల వాడకం చూసి ఎంచాలనే నియమం సంతకాలకి ముందే రాసుకోండి. తర్వాత రాద్దామంటే కుదరదు, ఏడాది చివర అందరికీ ఎవరి జాబితా వాళ్లకి ముద్దు.

చిన్న_కాలేజీ_లైబ్రేరియన్:

పై ఆయన చివరి పేరా చదివి లేచి నిలబడి చప్పట్లు కొట్టాలనిపించింది. నేను ఆ పద్దెనిమిదిలో ఒకదాని లాంటి దాంట్లోనే పనిచేస్తున్నాను.

మీ మీటింగ్‌లో అసలు గొడవ ప్యాకేజీ మీద రాదండీ, ఎవరు ఎంత కట్టాలనే దాని మీద వస్తుంది. అందరూ సమానంగా అంటే చిన్నవాళ్లు చచ్చిపోతాం. విద్యార్థుల సంఖ్యని బట్టి అంటే వినడానికి బాగానే ఉంటుంది కానీ, మాది టీచర్ ట్రైనింగ్ కాలేజీ, ప్యాకేజీలో ముప్పాతిక వంతు ఇంజినీరింగ్, మెడిసిన్ పుస్తకాలైతే మా విద్యార్థుల తలలు లెక్కపెట్టి ఏం లాభం? వాడకాన్ని బట్టి అంటే ఇంకా విచిత్రం. ఒక ఏడాది నేను క్లాసు క్లాసుకీ వెళ్లి పిల్లలకి ఈ-బుక్స్ ఎలా తెరవాలో ప్రాజెక్టర్ మీద చూపించాను, వాడకం మూడింతలైంది, మరుసటి ఏడాది మా వాటా పెరిగింది. మా ప్రిన్సిపాల్ గారు బిల్లు పట్టుకొచ్చి "నువ్వు చేసిన నిర్వాకమే కదా ఇది" అని నవ్వుతూనే అన్నారు, కానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు.

చివరికి మేం మూడూ కలిపాం. కొంత అందరికీ సమానం, కొంత సంబంధిత సబ్జెక్టుల విద్యార్థుల సంఖ్యని బట్టి, వాడకం వాటా చాలా తక్కువ, అది కూడా మూడేళ్ల సగటు మీద. న్యాయంగా ఉందా అంటే ఎవరూ పూర్తిగా ఒప్పుకోరు, కానీ అందరూ సమానంగా గొణుగుతున్నారు కాబట్టి పర్వాలేదనుకుంటున్నాం.

ఇంకోటి, "అందరూ చేరాల్సిందే"నా, "ఇష్టమైనవాళ్లే చేరాలి"నా అన్నది ముందే తేల్చండి. మధ్యలో ఇద్దరు తప్పుకుంటే మిగతావాళ్ల ధర పెరుగుతుందా అన్నది ఒప్పందంలో రాసి ఉండాలి.

కేటలాగు_కష్టాలు:

డబ్బు సంగతి అయ్యింది కదా, ఇక నా ఏడుపు వినండి.

కొన్న పుస్తకం కేటలాగులో కనపడకపోతే కొననట్టే. మార్క్ రికార్డులు (కేటలాగులోకి ఎక్కించుకునే పుస్తక వివరాల ఫైళ్లు) ఇస్తారా, ఉచితంగానా, నాణ్యంగా ఉంటాయా, ప్యాకేజీలోంచి తీసేసిన పుస్తకాలకి డిలీట్ ఫైలు పంపిస్తారా? ఈ ఆఖరిది ఎవరూ అడగరు. ఆ తర్వాత విద్యార్థి లింకు నొక్కితే "మీకు అనుమతి లేదు" అని వస్తుంది, తిట్లు మాకు. డిస్కవరీలో, అంటే లైబ్రరీ సరుకంతా ఒకేచోట వెతికే పేజీలో, ఆన్ చేసుకోవడానికి కేబార్ట్ ఫైలు (ప్యాకేజీలోని పేర్లు, లింకులు ఒక పద్ధతిలో రాసిన జాబితా) కూడా అడగండి.

ఓవర్‌ల్యాప్ లెక్క జాగ్రత్త. "మీ దగ్గర ఉన్నవాటితో పది శాతమే కలుస్తుంది" అని వెండర్ ఒక రిపోర్టు ఇస్తాడు, అది ఐఎస్‌బీఎన్‌తో, అంటే పుస్తకం గుర్తింపు నంబరుతో తీసినది. ఒకే పుస్తకానికి గట్టి అట్టకి ఒకటి, మామూలు అట్టకి ఒకటి, పీడీఎఫ్‌కి ఒకటి, ఈపబ్‌కి ఇంకోటి ఉంటాయి. మా దగ్గర ఉన్నది ఒక నంబరు, వాళ్ల జాబితాలో ఉన్నది ఇంకో నంబరు, మెషీన్‌కి అవి రెండు వేరే పుస్తకాలు. నేను ఒకసారి మొత్తం జాబితాలోంచి రెండు వందల పేర్లు ఎక్కడపడితే అక్కడ ఏరి, పేరు, రచయిత, ఎడిషన్ పెట్టి చేత్తో సరిచూశాను. ఓవర్‌ల్యాప్ వాళ్లు చెప్పినదానికి రెట్టింపు తేలింది. ఒక సాయంత్రం పని, అంతే.

ఆ తర్వాత డీఆర్‌ఎం, అంటే పుస్తకం వాడకానికి పెట్టే డిజిటల్ తాళాలు. ఒకేసారి ఎంతమంది చదవొచ్చు? ఒక్కరేనా, ముగ్గురా, అపరిమితమా? ఎనభై మంది క్లాసుకి రేపు పరీక్ష అంటే, ఒక్కరికే తెరుచుకునే పుస్తకం ఈ-బుక్ కాదు, తాళం వేసిన బీరువా. పబ్లిషర్ సొంత ప్లాట్‌ఫామ్ మీద కొన్న పుస్తకాలకి చాలాసార్లు ఈ అడ్డంకులు ఉండవు, అదే పుస్తకం అగ్రిగేటర్ (చాలామంది పబ్లిషర్ల పుస్తకాలు కలిపి అమ్మేవాడు) దగ్గర ఉంటే పేజీల లెక్కన ప్రింటు, రోజుల లెక్కన డౌన్‌లోడు. పేరొకటే కదా అని ధర మాత్రం పోల్చేస్తారు.

కొత్తగా_కమిటీలో:

అబ్బో, ఇంత ఉందా. చాలా థ్యాంక్సండీ అందరికీ. ఒక సందేహం. మొదటి వెండర్ మాకు రెండు నెలలు ట్రయల్ ఇచ్చాడు, వాడకం రిపోర్టు కూడా పంపాడు, అంకెలు బాగా పెద్దగా ఉన్నాయి. రెండో వెండర్ ట్రయల్ అంకెలు అందులో పదో వంతు కూడా లేవు. చైర్మన్ గారు ఇప్పుడు దాన్ని పట్టుకున్నారు.

పాత_కోఆర్డినేటర్:

ఏ కాలమ్ చూశారో చూడండి ముందు. ఒక అమ్మాయి ఒక పుస్తకం తెరిచి పన్నెండు అధ్యాయాలు విడివిడిగా దించుకుందనుకోండి, అధ్యాయాల వారీగా ఇచ్చే ప్లాట్‌ఫామ్‌లో అది మొత్తం రిక్వెస్టుల కింద పన్నెండు. ఇంకో ప్లాట్‌ఫామ్ పుస్తకమంతా ఒకే పీడీఎఫ్‌గా ఇస్తే అదే చదువు ఒకటి. వాడకం లెక్కలకి కౌంటర్ అనే ప్రమాణం ఒకటుంది, దాని పాత విడుదల, అంటే నాలుగోది, నడిచినంతకాలం ఇదే తలనొప్పి. ఒకరు పుస్తకాల లెక్క ఇచ్చేవారు, ఒకరు అధ్యాయాల లెక్క ఇచ్చేవారు, రెండూ పక్కపక్కన పెడితే అర్థం ఉండేది కాదు. 2019 జనవరి నుంచి ఐదో విడుదల వచ్చాక "యూనిక్ టైటిల్ రిక్వెస్ట్స్" అనే లెక్క పెట్టారు. అందులో ఒక సెషన్‌లో ఒక పుస్తకం ఎన్ని ముక్కలుగా తెరిచినా ఒకటే. ఆ కాలమ్ తప్ప ఇంకేదీ పోల్చకండి.

దాంతోపాటు కౌంటర్‌లోనే టీఆర్ బీ2 అనే రిపోర్టు అడగండి, అది చదవబోయి అనుమతి దొరక్క వెనక్కి వెళ్లినవాళ్ల లెక్క. నా దృష్టిలో కొనాల్సింది ఏదో అదే గట్టిగా చెప్తుంది, అయినా ఏ సేల్స్ మనిషీ తనంతట తాను దాన్ని పంపడు.

ట్రయల్ ఏ నెలల్లో జరిగిందో కూడా చూడండి. ఒకటి పరీక్షల ముందు, ఇంకోటి సెలవుల్లో జరిగి ఉంటే ఆ పోలిక అక్కడికే తెగిపోతుంది. అంకెలు ఒక్కటే పట్టుకుని కూర్చోకండి అని కూడా చెప్పాలి. ఎవరో ఒక పరిశోధక విద్యార్థి నాలుగేళ్లలో ఒకే ఒక్కసారి తెరిచే మోనోగ్రాఫ్ (ఒకే అంశం మీద లోతుగా రాసిన పుస్తకం) ఉంటుంది, దానికి లెక్కలో దక్కేది ఒకటే, ఆ థీసిస్‌కి మాత్రం అదే ఆధారం.

ఒకప్పుడు_సేల్స్‌లో:

నేను బల్లకి అవతలి వైపు కొన్నేళ్లు కూర్చున్నాను, ఇప్పుడు లైబ్రరీలో ఉన్నాను. కొన్ని లోపలి మాటలు.

"ఈ నెలాఖరు దాకే ఈ ధర" అంటే అది మా టార్గెట్ తేదీ, మీకు సంబంధం లేదు. వచ్చే నెల కూడా ఆ ధర దొరుకుతుంది, ఒక్కోసారి తగ్గుతుంది కూడా.

మొదటి ఏడాది ధర మీద బేరం ఆడకండి, రెండో మూడో ఏడాది పెంపు మీద ఆడండి. మూడేళ్ల ఒప్పందంలో పెంపుకి పరిమితి రాయించుకోనివాళ్లే మాకు ఇష్టమైన కస్టమర్లు.

ప్యాకేజీలో ఏవి లేవో జాబితా అడగండి. ఏవి ఉన్నాయో మేం ముచ్చటగా చూపిస్తాం. బాగా అమ్ముడుపోయే పాఠ్యపుస్తకాలని పబ్లిషర్లు చాలాసార్లు లైబ్రరీ ప్యాకేజీలకి ఇవ్వరు, విద్యార్థి నేరుగా కొనుక్కోవాలని వాళ్ల ఆశ. మీ టీచర్ల రీడింగ్ లిస్టుల్లోంచి యాభై పేర్లు తీసి వాటిలో ఎన్ని ఉన్నాయో చూస్తే పది నిమిషాల్లో సంగతి తెలిసిపోతుంది.

తీసేసిన పుస్తకాలకి బదులు ఇవ్వాలని, ఒక హద్దు దాటి తీసేస్తే డబ్బు తగ్గించాలని రాయించండి. ఇంటర్‌లైబ్రరీ లోన్‌కి, అంటే వేరే లైబ్రరీ అడిగితే అరువివ్వడానికి, కనీసం ఒక అధ్యాయమైనా పంపుకునే హక్కు అడగండి. ధర బయటపెట్టకూడదనే షరతుకి సంతకం పెట్టకండి. మీ పక్క కన్సార్షియం ఎంత కట్టిందో మీకు తెలియకపోవడమే మా బలం.

చిన్న_కాలేజీ_లైబ్రేరియన్:

@ఒకప్పుడు_సేల్స్‌లో గారూ, ఆ చివరి మాట యూనివర్సిటీ కన్సార్షియాలకి చెల్లుతుందేమో. మాలాంటి చిన్న గుంపు "సంతకం పెట్టం" అంటే "సరే నమస్తే" అని లేచి వెళ్లిపోయారు, అనుభవంతో చెప్తున్నా.

ఒకప్పుడు_సేల్స్‌లో:

ఒప్పుకుంటా. నేను ఎప్పుడూ పెద్దవాళ్లకే అమ్మాను, అది నా లెక్కలో రాలేదు. అలాంటప్పుడు కనీసం సభ్య లైబ్రరీల మధ్య ధర చెప్పుకోవచ్చని రాయించుకోండి, దానికి మామూలుగా ఒప్పుకుంటారు.

ఉచితంగా_చదివేవాణ్ణి:

ఒక చిన్న మాట. జాబితాని డీఓఏబీతో కూడా సరిచూడండి, 2012 నుంచి నడుస్తున్న ఓపెన్ యాక్సెస్ పుస్తకాల సూచిక అది. ఉచితంగా దొరికే పుస్తకాలని కూడా ప్యాకేజీ సంఖ్యలో కలిపి చూపించిన కొటేషన్ నేను చూశాను. ఎంఐటీ ప్రెస్ వాళ్లు 2021లో మొదలుపెట్టిన డైరెక్ట్ టు ఓపెన్ లాంటి వాటిలో అయితే లైబ్రరీలు కలిసి కట్టిన డబ్బుతో కొత్త మోనోగ్రాఫులు అందరికీ తెరుచుకుంటాయి. బడ్జెట్‌లో ఒక ముక్క అటు పెట్టే కన్సార్షియాలు ఉన్నాయి, మీ కమిటీలో ఆ మాట ఎత్తి చూడండి.

కొత్తగా_కమిటీలో:

అప్‌డేట్. మీటింగ్ ఇంకా నాలుగు రోజులుంది కానీ ఆగలేక రీడింగ్ లిస్టుల పని చేసేశాను. ఐదు డిపార్ట్‌మెంట్ల నుంచి యాభై పేర్లు తీశాను. మొదటి ప్యాకేజీలో ఉన్నవి ఆరు, వాటిలో నాలుగు పాత ఎడిషన్లు. రెండోదాంట్లో తొమ్మిది, మూడోదాంట్లో పదిహేడు. ఆ కాగితం చైర్మన్ గారికి ఇస్తే రెండు నిమిషాలు చూసి, "మరి ఆ మిగతా ముప్పై మూడు ఎక్కడ దొరుకుతాయి?" అన్నారు. కాలిక్యులేటర్ మాత్రం తీయలేదు. ఇప్పుడు ఓవర్‌ల్యాప్ చూద్దామని టైటిల్ లిస్టు తెరిస్తే ఐఎస్‌బీఎన్ కాలమ్ మొత్తం 9.78ఈ+12 అని ఒకేలా కనిపిస్తోంది. ఫైలు పాడైందా?

కేటలాగు_కష్టాలు:

పాడవలేదు, ఎక్సెల్ దాన్ని పెద్ద అంకె అనుకుంటోంది. సేవ్ చేయకుండా మూసేయండి. మళ్లీ ఖాళీ షీట్ తెరిచి, డేటా ఇంపోర్ట్‌లోంచి తెచ్చుకుని, ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని పెట్టండి. సీఎస్‌వీ (మామూలు టెక్స్ట్ పట్టిక) ఫైలుగా సేవ్ చేసేసి ఉంటే మాత్రం అసలు ఫైలు మళ్లీ పంపమని వెండర్‌ని అడగండి, ఆ చివరి అంకెలు ఇక తిరిగి రావు.