లాప్‌టాప్‌కు అదనపు వారంటీ తీసుకోవాలా?

ప్రశ్న (కాకినాడ నుండి ఒక తండ్రి):
మా అమ్మాయి ఈ సంవత్సరమే ఇంజినీరింగ్‌లో చేరింది. ఆమె కోసం 62,000 రూపాయల లాప్‌టాప్ ఒకటి ఎంచుకున్నాము. దానికి కంపెనీ ఇచ్చే వారంటీ ఒక్క సంవత్సరమే. మరో రెండేళ్లకు పొడిగించుకోవాలంటే కంపెనీ పథకం 6,500 రూపాయలు. దుకాణం వారు మాత్రం తమ సొంత పథకాన్ని 3,800కే ఇస్తామని, అయితే బిల్లు వేసేటప్పుడే తీసుకోవాలని అంటున్నారు. నాలుగేళ్ల చదువూ ఈ ఒక్క యంత్రంతోనే సాగాలని మా ఆలోచన. హాస్టల్‌లో ఉంటుంది కనుక అది కింద పడినా, నీళ్లు ఒలికినా ఈ పథకాలు ఆదుకుంటాయా? తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం:
ఆదుకోవండీ. పొడిగించిన వారంటీ అంటే మొదటి సంవత్సరపు వారంటీకి కొనసాగింపు మాత్రమే కనుక, యంత్రం తనంతట తాను పాడైతేనే అది వర్తిస్తుంది. తెర పగలడం, కీబోర్డుపై టీ ఒలకడం వంటివాటికి యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్రొటెక్షన్ అనే పథకాన్ని విడిగా తీసుకోవాలి. హాస్టల్ పిల్లలకు నా దృష్టిలో ముందు కావలసింది అదే. దానిని కొన్న తొలి రోజుల్లోనే తీసుకోవాలని కొన్ని కంపెనీలు గడువు పెడతాయి. మామూలు పొడిగింపుకు అంత తొందర లేదు. మొదటి సంవత్సరం ముగిసేలోగా ఎప్పుడైనా తీసుకోవడానికి చాలా కంపెనీలు అవకాశం ఇస్తాయి. ఇక బ్యాటరీ సంగతి: వారంటీని మూడేళ్లకు పెంచుకున్నా, బ్యాటరీకి మాత్రం ఒక సంవత్సరమే అని నిబంధనల్లో తరచుగా కనిపిస్తుంది.

రెండవ సమాధానం (సికింద్రాబాద్‌లో మరమ్మతులు చేసేవారు):
బ్యాటరీ, కీబోర్డు, ఫ్యాను పాడైతే పెద్ద ఖర్చు కాదు. జేబుకు చిల్లు పెట్టేది మదర్‌బోర్డు, అంటే లోపలి భాగాలన్నిటినీ కలిపే ప్రధాన బోర్డు. నేటి పలుచని నమూనాల్లో ప్రాసెసర్‌ను, చాలావాటిలో ర్యామ్‌ను (పని చేసేటప్పుడు వాడే మెమరీని) కూడా బోర్డుకే సోల్డరింగ్ చేసి బిగిస్తున్నారు కనుక, ఒక చిన్న చిప్ పోయినా కంపెనీ సర్వీస్ సెంటర్ వారు సాధారణంగా బోర్డు మొత్తం మార్చాలంటారు. అదే లోపాన్ని మా ఊళ్లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట, బోర్డుపై పాడైన చిప్‌ను మాత్రమే బాగుచేసే చిప్ లెవెల్ పనివారు చాలా తక్కువకు సరిచేయగలరు, అయితే అన్ని బోర్డులూ బాగుపడతాయని హామీ ఇవ్వలేము. మీరు ఎంచుకున్న నమూనాలో ర్యామ్ విడిగా మార్చుకునే వీలుందో లేదో చూడండి. లేకపోతే కంపెనీ పొడిగింపు దండుగ కాదని నా అభిప్రాయం. ఇంటికి వచ్చి బాగుచేసే ఆన్‌సైట్ సేవ మీ పిన్‌కోడ్‌కు ఉందో లేదో కూడా ముందే అడగండి, లేకపోతే యంత్రాన్ని సర్వీస్ సెంటర్‌కు మీరే మోసుకెళ్లవలసి వస్తుంది.

మూడవ సమాధానం:
దుకాణం పథకం గురించి ఒక్క మాట. దానిని చాలాసార్లు దుకాణమూ కాక, తయారీ కంపెనీయూ కాక మూడో సంస్థ నడుపుతుంది. మా తమ్ముడికి అలాంటి పథకం కిందనే, యంత్రం పాతబడిందంటూ తరుగుదల తీసివేసి, బోర్డు ఖర్చులో కొంత మాత్రమే చెల్లించారు. సంతకం పెట్టేముందు నిబంధనల పత్రం అడిగి, తరుగుదల ఎంత, మొత్తం మీద పరిమితి ఎంత, అసలు విడిభాగాలే వేస్తారా అన్నది చూడండి. పత్రం చూపకుండా "అన్నీ కవర్ అవుతాయి సార్" అంటే ఆ పథకం వదిలేయడం మేలు. తర్వాత పేచీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం దుకాణం ఎక్కడ ఉన్నా మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు రుసుము కూడా లేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నిబంధనల పత్రం అడిగితే దుకాణం వారి దగ్గర లేదన్నారు, కనుక ఆ పథకం వద్దనుకున్నాము. మేము ఎంచుకున్న నమూనాలో ర్యామ్ బోర్డుకే అతికి ఉందట. ప్రమాదాల పథకాన్ని లాప్‌టాప్‌తో పాటే తీసుకుంటున్నాము. కంపెనీ పొడిగింపును వారంటీ ముగియడానికి నెల ముందు తీసుకుంటాము.