అప్‌డేట్: నౌపడ లైన్ మోడల్ ఫోటోల్లో మసక తగ్గింది

పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన నౌపడ నేరో గేజ్ (పట్టాల మధ్య ఎడం తక్కువుండే) రైల్వే లైన్‌ని 1:87 స్కేల్‌లో, అంటే అసలుదానిలో 87వ వంతు సైజు మోడల్‌గా కడుతున్నానని, ఫోటో తీస్తే ఇంజన్ ముందు భాగం తప్ప పెట్టెలూ స్టేషనూ అన్నీ మసకగా వస్తున్నాయని పోయిన నెల అడిగాను. సమస్య తీరింది, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఫోకస్ స్టాకింగ్. కెమెరాని ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టి, లెన్స్ రంధ్రం (అపర్చర్) మధ్యస్థంగా ఎఫ్/8 దగ్గర ఉంచి, ఫోకస్‌ని ఇంజన్ ముందు నుంచి చివరి పెట్టె దాకా కొంచెం కొంచెం జరుపుతూ 14 ఫోటోలు తీసి ఒకే ఫోటోగా కలిపాను. ఇప్పుడు పట్టాల పక్కన జల్లిన ఇసుక రేణువులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. అంతకుముందు రంధ్రాన్ని బాగా చిన్నది చేసి ఎఫ్/22 పెట్టి చూస్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెళ్లే కాంతి చెదరడం) వల్ల ఫోటో మొత్తం షార్ప్‌నెస్ పోయింది. కొత్త లెన్స్ అవసరమే పడలేదు.

ఇంకొకటి. ప్లాట్‌ఫాం మీద నిలబెట్టిన మనిషి బొమ్మ ఎత్తు రెండు సెంటీమీటర్లే. కెమెరాని దాని కంటి ఎత్తుకి దించాక బొమ్మ రైలు నిజం రైలైపోయింది! ఆ ఫోటో చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

ట్రాక్ గురించి అడిగినవాళ్లకి: అసలు లైన్‌లో రెండు పట్టాల మధ్య ఎడం 762 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే దాదాపు 8.76. అందుకే 9 మి.మీ. ఎడం ఉండే ఎన్ గేజ్ అనే మోడల్ పట్టాలు వేశాను. స్లీపర్లు మరీ దగ్గరగా ఉంటే కొన్ని తీసేసి ఎడం పెంచాను.